మంచు కరిగితే మా కోడ్‌కి లాభం

మా కంపెనీ సరుకు ఓడలకు దారి చూపించే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. గూగుల్ మ్యాప్స్ మన బైక్‌కి చేసే పనే అనుకోండి. కాకపోతే మా బైకులు కొన్ని 400 మీటర్ల పొడవుంటాయి!

కిందటి నెల నాకో పని అప్పగించారు. జపాన్ నుంచి యూరప్ వెళ్లే దారుల్లో ఆర్కిటిక్ దారిని కూడా చేర్చాలి. రష్యా ఉత్తర తీరం వెంబడి, వేసవి చివర్లో మంచు తగ్గినప్పుడు వెళ్లేది. యొకోహామా నుంచి రోటర్‌డామ్‌కి సూయెజ్ మీదుగా సుమారు 20,700 కిలోమీటర్లు. ఇటు నుంచి అయితే 13,500. ఎంటర్ కొట్టగానే స్క్రీన్ మీద కొత్త గీత ఆకుపచ్చగా వెలిగింది. రోజులు ఆదా, ఇంధనం ఆదా, కార్బన్ కూడా ఆదా అట. "సూపర్ రా మామా" అన్నాడు పక్క సీటోడు. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

దారి ఏ నెలల్లో తెరిచి ఉంటుందో నింపాలి కదా, ఉపగ్రహాల లెక్కలు తీశాను. 1979 సెప్టెంబరులో ఆర్కిటిక్ సముద్రం మీద మంచు దాదాపు 70 లక్షల చదరపు కిలోమీటర్లు. 2012 సెప్టెంబరులో సుమారు 34 లక్షలు. ఆ తర్వాత మరీ అంత పడిపోలేదు గానీ, పాత స్థాయికి తిరిగి రాలేదు కూడా. అంటే నా షార్ట్‌కట్‌కి రోడ్డు వేసింది ఇన్నేళ్లుగా మనం తగలబెట్టిన ఇంధనమే.

ఇంట్లో చెబితే అమ్మ "అయితే వైజాగ్ మునుగుతుందేంట్రా?" అంది. ఈ మంచు వల్ల కాదమ్మా, ఇది నీళ్ల మీద తేలేదే. గ్లాసులో ఐసు కరిగితే నీళ్లు పొంగవు కదా. గ్రీన్‌లాండ్‌లో నేల మీదున్న మంచు కరిగితే సముద్రం పెరుగుతుంది. దీని గొడవ వేరు. తెల్లటి మంచు తన మీద పడ్డ ఎండలో సగానికి పైగా వెనక్కి పంపేస్తుంది. నల్లటి సముద్రం పదో వంతు కూడా పంపదు, తాగేస్తుంది. నీళ్లు వేడెక్కి ఇంకాస్త మంచు పోతుంది. తన అవుట్‌పుట్‌నే మళ్లీ ఇన్‌పుట్‌గా తీసుకునే లూప్ అన్నమాట. పైగా అటు వెళ్లే ఓడల పొగ గొట్టాల మసి మంచు మీద పడితే, ఉన్న తెలుపు కూడా మాసిపోతుంది. మసి ఎక్కువగా వదిలే చిక్కటి ఆయిల్‌ని ఆర్కిటిక్‌లో 2024 జులై నుంచి నిషేధించారు. కానీ కొన్ని ఓడలకు 2029 దాకా మినహాయింపులున్నాయి.

మా లెక్కలో ఇంధనానికి కాలమ్ ఉంది, రోజులకు ఉంది, కాలువ ఫీజుకూ ఉంది. మసికి లేదు. మొన్న రాత్రి ఒకటి చేర్చి రివ్యూకి పంపాను.

పొద్దున చూస్తే కింద ఒకే ఒక్క కామెంట్: "ఇది కస్టమర్ అడిగారా?"

అడగలేదు. జవాబు బాక్స్ తెరిచే ఉంది, ఇంకా ఏమీ టైప్ చేయలేదు.