ఎవరికి కూలీల కరువు?

"నాట్లకు ఆడకూలీలు దొరకడం లేదు." ప్రతి వానాకాలం మా కరీంనగర్ వైపు వినే మాట ఇది. ఎంత కూలికి దొరకడం లేదో మాత్రం ఎవరూ చెప్పరు. నీళ్లొచ్చి వరి పెరిగింది, నాట్లన్నీ ఒక్కసారే మీదపడతాయి. అప్పుడు ఆడవాళ్లు జట్టు కట్టి ఎకరానికింతని గుత్త మాట్లాడుకుంటే, "రేటు పెంచేశారు" అని నిష్ఠూరం. ఇప్పుడు బీహార్ నుంచి మగవాళ్ల జట్లు వచ్చి నాట్లేస్తున్నాయి. నాటు ఆడవాళ్ల పనే అన్న మాట ఏమైందో మరి!

ఇంకోవైపు స్త్రీలకు ఉపాధి పెరిగిందని లెక్కలు. కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం, పదిహేనేళ్లు నిండిన గ్రామీణ స్త్రీలలో పని చేస్తున్నవాళ్లు, వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 2017-18లో 24.6 శాతం. 2023-24లో 47.6 శాతం. సంతోషమే. కానీ పెరిగినదాంట్లో ఎక్కువ భాగం స్వయం ఉపాధి. సొంత పొలంలో, ఇంటి దుకాణంలో జీతం లేకుండా చేసే చాకిరీ కూడా అందులోకే వస్తుంది. మా వదిన రెండు పూటలా బర్రెల పాలు పిండుతుంది. పాల డబ్బులు అన్న ఖాతాలో పడతాయి. సర్వేవాళ్లు అడిగితే ఆమె ఉపాధి ఉన్న మనిషే. నాటేస్తే వచ్చే డబ్బు మాత్రం ఆమె చేతికే వస్తుంది. అందుకే మోకాళ్ల నొప్పులతోనైనా జట్టుతో పోతోంది.