వెనకవాడి హక్కు

మా ఉర్దూ మీడియం స్కూల్లో సైన్స్ చెప్పే సార్ ఘర్షణ అనేవారు కాదు, 'రగడ్' అనేవారు. గతిశక్తి మాకు 'హర్కీ తవానాయీ'. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాక తెలిసింది, తెలుగులో రగడ అంటే కొట్లాట అని. నా మట్టుకు బ్రేక్ అంటే రెండూ. లైనింగ్ డ్రమ్ముకి రాసుకోవాలి, చప్పుడు రావాలి, ఒక్కోసారి మాడు వాసన కూడా రావాలి, అప్పుడు బండి ఆగాలి. ఎలక్ట్రిక్ కారు ఈ రగడ్ ఏమీ లేకుండానే ఆగుతోంది. అది చూస్తే నాకు ఖుషీగానూ ఉంది, కొంచెం ఫికర్‌గానూ ఉంది. ఆ ఫికర్ ముచ్చటే ఇది.

మా ఖాలా కొడుకు దుబాయ్ నుంచి వాపస్ వచ్చి భీమ్‌గల్‌లోనే ఉంటున్నాడు. ఈ మధ్య ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. 2024 నవంబర్‌లో తెలంగాణ సర్కార్ ఈ బండ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 దాకా మాఫ్ చేసింది కదా, ఆ హిసాబ్ వేసుకునే కొన్నాడు. నన్ను కూర్చోబెట్టుకుని ఒక చక్కర్ తిప్పాడు.

"భాయ్, ఇస్మే బ్రేక్ కీ జరూరతిచ్ నై. పావ్ ఉఠాయే తో బస్, రుక్ జాతీ" అన్నాడు.

నిజమే. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తుంటే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి నెమ్మదించింది.

ఇందులో జాదూ ఏమీ లేదు. మన వయసు వాళ్లు సైకిల్ డైనమో ఎరుగుదురు. రాత్రిపూట దాన్ని టైరుకి ఆనిస్తే లైట్ వెలిగేది, తొక్కడం మాత్రం భారమయ్యేది. ఎలక్ట్రిక్ కారులో జరిగేదీ అదే. కాలు తీయగానే చక్రాలను తిప్పే మోటారే డైనమో అయిపోతుంది. చక్రాల పరుగులో ఉన్న తవానాయీని కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. ఆ భారానికి బండి రఫ్తార్ తగ్గుతుంది. మామూలు బ్రేకులో వేడిగా మారి గాలిలో కలిసిపోయేదాంట్లో కొంత మళ్లీ బ్యాటరీకి చేరుతుంది. బ్రేక్ ప్యాడ్లు కూడా తొందరగా అరగవు. ఎంత గట్టిగా లాగాలో ఎంచుకునే వీలు కూడా చాలా బండ్లలో ఉంది. 2022లో వచ్చిన నెక్సాన్ ఈవీ మ్యాక్స్‌లో సున్నా నుంచి మూడు దాకా మెట్లు పెట్టారు.

సవాల్ ఎక్కడొస్తుందంటే, పాత బండిలో ఎర్ర లైటు బ్రేక్ పెడల్‌కి కట్టి ఉంటుంది. కాలు పడితే వెలుగుతుంది. ఇక్కడ పెడల్ తొక్కకుండానే బండి నెమ్మదిస్తోంది. మరి వెనక వచ్చేవాడికి ఖబర్ ఎవరిస్తారు?

నాకీ ఫికర్ ఊరికే పట్టుకోలేదు. ఇరవై ఏళ్లకు పైగా పేపర్లకి వార్తలు రాస్తున్నా. అందులో నా చేయి ఎక్కువసార్లు రాసిన వాక్యం 'ముందు వెళ్తున్న వాహనాన్ని వెనుక నుంచి ఢీకొని' అన్నదే. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. అది నడిచిన రోజుల్లో చెరకు సీజన్ వస్తే ఈ వాక్యం ఇంకా పెరిగేది. ట్రాలీ నిండా చెరకు వెనక్కి వేలాడుతూ ఉంటే లైట్ ఉన్నా లేనట్టే. పోలీస్ కాగితాల్లో మాత్రం కసూర్ ఎప్పుడూ వెనకవాడిదే. అతివేగం, అజాగ్రత్త అని రెండు మాటలు, ఖల్లాస్. ముందు బండి ఇషారా ఇచ్చిందా లేదా అని అడిగినవాణ్ని నేను చూడలేదు.

ఇషారా ఎప్పుడివ్వాలో నియమం ఉంది. ఐక్యరాజ్య సమితి కింద తయారై చాలా దేశాలు పాటించే 13-హెచ్ అనే నియమం లెక్క ఇలా చెబుతుంది. కాలు తీసినందుకు బండి రఫ్తార్ సెకనుకి సెకనుకి 0.7 మీటర్ల లోపు తగ్గుతుంటే ఎర్ర లైటు వెలగకూడదు. 1.3 దాటితే వెలగాల్సిందే. ఈ రెండిటి మధ్య ఉంటే కంపెనీ మర్జీ.

మన భాషలో చెప్పుకుందాం. 1.3 అంటే ప్రతి సెకనుకీ గంటకి దాదాపు 4.7 కిలోమీటర్ల రఫ్తార్ పడిపోవడం. 60లో పోయే కారు నాలుగు సెకన్లలో 41కి వస్తుంది. వెనక బైకువాడు అదే 60లో వస్తుంటే ఇద్దరి మధ్య ఖాళీ 10 మీటర్లు కరిగిపోతుంది. అంతదాకా ఎర్ర లైటు వెలగకపోయినా కాగితం మీద తప్పు లేదు. అంత దగ్గరగా వెనక వచ్చేవాడు మన ఆర్మూర్ రోడ్డు మీద రోజూ కనిపిస్తాడు.

ఇక లఫ్జ్ గొడవ ఇంకొకటి. ఆ నియమంలో 'యాక్సిలరేటర్ వదిలినప్పుడు' అన్న మాట ఉంది. వదలడం అంటే పూర్తిగా కాలు తీయడమా, కొంచెం సడలించడమా? 2023లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్లు హ్యుందాయ్, కియా ఎలక్ట్రిక్ కార్లలో ఇదే బయటపెట్టారు. ఒకే పెడల్‌తో నడిపేటప్పుడు కాలు యాక్సిలరేటర్‌కి కాస్త ఆని ఉంటే చాలు, బండి గట్టిగా నెమ్మదిస్తున్నా ఎర్ర లైటు వెలగడం లేదు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చారు. భాష చదువుకున్నవాణ్ని కనుక చెబుతున్నా, ఒక్క లఫ్జ్‌కి రెండు మానీలు ఉంటే బజార్లో నవ్వుకుంటాం, రోడ్డు మీద మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

అట్లని ప్రతిదానికీ లైటు వెలగాలని కూడా నేననను. కాలు కాస్త కదిలినప్పుడల్లా ఎర్రగా మెరుస్తుంటే అది 'నాన్నా పులి' కథ అవుతుంది. నిజంగా ఆగేటప్పుడు ఎవడూ నమ్మడు. పెట్రోల్ బండిని కిందిగేరులో వేసి ఘాట్ దిగితే అప్పుడూ లైటు రాదు, లారీవాళ్లకి అది ఎరుకే. కాకపోతే ఆ లాగుడు కొద్దిపాటిది. ఇక్కడ కాలు తీస్తే కొన్ని బండ్లు పూర్తిగా నిలబడిపోతాయి కూడా. అందుకే లైటు పెడల్ మాట కాకుండా బండి నెమ్మదించే తీరు మాట వినాలి.

ఒకరోజు పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద మేమిద్దరం ఆజ్మాయిష్ చేశాం. తమ్ముడు కారులో, నేను చాలా దూరం వదిలి బైకు మీద. ఇయర్‌ఫోన్‌లో మాట్లాడుకుంటూ పోయాం. కాలు ఒక్కసారిగా తీస్తే వెంటనే ఎర్ర లైటు వచ్చింది. మెల్లమెల్లగా తీస్తే బండి నెమ్మదిస్తూనే ఉంది, లైటు మాత్రం రాలేదు.

"అబ్ జలీ క్యా?" అని అడుగుతూనే ఉన్నాడు.

"నై జలీ మియా" అంటూనే ఉన్నా.

కంపెనీకి ఏ దోషమూ అంటగట్టను, బహుశా అంతా నియమం లోపలే ఉంది. తమ్ముడికి మాత్రం ఆ రోజు దాకా తన బండి వెనక ఏం చెబుతోందో తెలియదు. డ్రైవర్‌కి తన ఎర్ర లైటు తనకు కనిపించదు కదా.

హక్కు అన్న తెలుగు మాట మన 'హక్' నుంచే వచ్చింది. ఎర్ర లైటు మీద హక్కు కారు కొన్నవాడిది కాదు, వెనక వచ్చేవాడిది. బీడీలు అప్పజెప్పి ఆటోలో ఇంటికి పోయే ఆడవాళ్లది, పసుపు బస్తాలు వేసుకుని వచ్చే ట్రాక్టర్ పిల్లగాడిది.

కొత్తగా ఈ బండి తీసుకున్న దోస్తులకి నా గుజారిష్ ఒకటే. చీకటి పడ్డాక ఎవరినైనా వెనక పెట్టుకుని ఒక్కసారి చూడండి, ఏ మెట్టులో ఎంత కాలు తీస్తే లైటు వస్తుందో. అద్దంలో బైకు కనిపిస్తే లాగుడు తక్కువ మెట్టుకి మార్చండి, లేదంటే బ్రేక్ పెడల్‌ని కాస్త తాకించండి. రెండు పైసల కరెంటు పోతే పోనివ్వండి. మా తమ్ముడు ఇప్పుడు అదే చేస్తున్నాడు. బ్రేకులు అరుగుతాయని వాళ్లబ్బాయి అంటే, "అరగనీ బేటా, అవి దొరుకుతాయి" అన్నాడు.