దడలోనే గురి

మంచు మీద స్కీలు కట్టుకుని పరుగు తీయడం, మధ్యలో ఆగి తుపాకీతో గురి కొట్టడం, మళ్లీ పరుగు తీయడం. బయాథ్లాన్ గురించి ఎవరడిగినా ఇంతే చెప్తారు. నేర్చుకోవడానికి వచ్చావు కాబట్టి నీకు అసలు సంగతి చెప్తాను తమ్ముడూ. స్కీల మీద గాలిలా పోయేవాళ్లను చూశాను. తీరిగ్గా పడుకుని కొట్టమంటే రౌండ్ మీద రౌండ్ కూర్చోబెట్టేవాళ్లనూ చూశాను. ఈ రెండు పనులూ కలిసేది కాల్చే చోటు, అంటే రేంజ్‌కి ముందున్న వంద మీటర్లలో. ఇద్దరూ చేతులెత్తేసేది అక్కడే. నా పటాలపు జీవితంలో సగం ఆ వంద మీటర్లు నేర్చుకోవడానికే పోయింది. శుక్రవారం పొద్దున్నే ఇక్కడ ఖతార్‌లో అల్ వక్రా ఒడ్డున మీ చేత చేయిస్తున్నదీ అదే.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. చుట్టుపక్కల మిలిటరీ మాధవరం అంటేనే తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ మా ఊరి మగవాళ్లు సైన్యానికి వెళ్తూనే ఉన్నారు. అలాంటి ఊళ్లో కుర్రాడు పటాలంలో చేరడం విశేషం కాదు. గోదావరి కాలవల పక్కన పెరిగినవాడు స్కీ పోటీలకు వెళ్లడమే విశేషం. బెటాలియన్‌లో క్రాస్ కంట్రీ పరుగులో ముందుండేవాణ్ని. అది చూసి గుల్మార్గ్‌లో స్కీ కోర్సుకి పేరు రాశారు.

గుల్మార్గ్ సముద్ర మట్టానికి 2,600 మీటర్ల పైన ఉంటుంది. అక్కడి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ 1948లో జనరల్ తిమ్మయ్య చొరవతో స్కీ స్కూలుగా మొదలైంది. నాకు దొరికిన ఉస్తాద్ లడఖ్ మనిషి. హవల్దార్. మాట తక్కువ, చూపు ఎక్కువ. మొదట్లో తుపాకీ ముట్టనివ్వలేదు, చేతికి పోల్స్ కూడా ఇవ్వలేదు. “ఒక స్కీ మీద నిలబడి జారు” అన్నాడు. ఒళ్లు బరువంతా ఒక కాలి మీద వేసి, రెండో కాలు ఎప్పుడు దింపాలో ఆ కాలికే తెలిసేదాకా జారించాడు. స్కేటింగ్ స్టైల్‌కి ప్రాణం అదే. కాళ్ల మీద నమ్మకం లేనివాడు చేతులతో లాక్కుంటూ పోతాడు. మొదటి కిలోమీటరులో వాడే ముందుంటాడు. నిలబడి కొట్టే స్టాండింగ్‌కి వచ్చేసరికి భుజాలు తుపాకీని మోయలేవు. స్కీలో దాచిన లోపం తుపాకీలో బయటపడుతుందని ఉస్తాద్ నోటితో చెప్పలేదు. అలా లాక్కుంటూ పోయేవాళ్లను రేంజ్ పక్కన నిలబడి చూడమన్నాడు.

ఇక తుపాకీ. .22 రైఫిల్, అన్షుట్జ్ వాళ్లది, ఫోర్ట్‌నర్ బోల్ట్ ఉన్నది. బోల్ట్ తిప్పక్కర్లేదు, వేలితో వెనక్కి లాగి బొటనవేలితో ముందుకి తోస్తే రౌండ్ ఎక్కుతుంది. బరువు మూడున్నర కిలోలకు తగ్గకూడదు, ట్రిగ్గర్ 500 గ్రాముల ఒత్తిడికి తక్కువలో కదలకూడదు. పోటీ అంతా అది వీపు మీదే ఉంటుంది, గొట్టం ఆకాశం వైపు. 1978 దాకా పెద్ద కాలిబర్ రైఫిళ్లతో ఇంకా ఎక్కువ దూరాల నుంచి కొట్టేవారు. ఆ తర్వాత అందరికీ 50 మీటర్లే. పడుకుని కొట్టేటప్పుడు టార్గెట్ 45 మిల్లీమీటర్లు, అంటే నిమ్మకాయంత. నిలబడి కొట్టేది 115 మిల్లీమీటర్లు. తగిలితే నల్లచుక్క తెల్లబడుతుంది. తగలకపోతే 150 మీటర్ల పెనాల్టీ లూప్ ఒక చుట్టు. 20 కిలోమీటర్ల ఇండివిడ్యువల్‌లో లూప్ ఉండదు, తప్పిన ప్రతి రౌండ్‌కీ నిమిషం కలుపుతారు. ఆ నిమిషం మరెక్కడా తిరిగి రాదు.

ఇప్పుడు ఆ వంద మీటర్ల సంగతికి వద్దాం. రేంజ్ కనబడగానే మనిషికి తెలియకుండానే వేగం పెరుగుతుంది. పక్కన ప్రత్యర్థి ఉంటాడు, అవతల అరుపులు. నువ్వు తగ్గాల్సింది సరిగ్గా అప్పుడే. గుండె నిమిషానికి 170, 180 కొట్టుకుంటుంటుంది. ఊపిరి చిన్నచిన్నగా కాక పొడుగ్గా తీసుకోవడం మొదలుపెట్టు. గాలి జెండా వైపు ఒకసారి చూడు. పోటీకి ముందు సైట్ సరిచూసుకునే జీరోయింగ్ చేసినప్పుడు ఎటు ఉంది, ఇప్పుడు ఎటు ఉంది? గాలి ఎడమ నుంచి కొడుతుంటే రౌండ్ కుడికి పోతుంది, సైట్ ఎడమకి తిప్పాలి. ఎన్ని క్లిక్కులో మ్యాట్ మీద పడుకున్నాక ఆలోచిస్తే ఆలస్యమైనట్టే. లెక్క దారిలోనే అయిపోవాలి. నీ లేన్ నంబరు చూసుకో, మనసులో కాదు, పెదవులతో పైకే చెప్పుకో.

లేన్ నంబరు దగ్గర అంత పట్టుదల ఎందుకంటావా? 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అమెరికా షూటర్ మాట్ ఎమన్స్ మూడు భంగిమల రైఫిల్ పోటీలో చివరి షాట్ దాకా బంగారు పతకానికి దగ్గర్లో ఉన్నాడు. ఆ ఆఖరి షాట్ పక్క లేన్ టార్గెట్ మీద కొట్టాడు. సున్నా వచ్చింది, బంగారం చైనాకి పోయింది. ఆయన పరుగెత్తి వచ్చినవాడు కాదు, నిలకడగా ఒకే చోట నిలబడి కొడుతున్నవాడు. గుండె గొంతులో కొట్టుకుంటూ వచ్చేవాడు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

మ్యాట్ మీద పడగానే ఎడమ మోచెయ్యి దిగాలి, స్లింగ్ కొక్కెం పడాలి, చెంప స్టాక్‌కి ఆనాలి, అన్నీ ఆ వరసలోనే. స్లింగ్ పట్టీ జబ్బ లోపలి రక్తనాళం మీద పడితే ప్రతి దడకీ సైట్ ఎగురుతుంది. పట్టీని పైకి జరిపి, కొక్కెం వెలుపలి వైపు వచ్చేలా పెట్టుకుంటే ఎగరడం సగానికి తగ్గుతుంది. దీన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. గఢ్వాల్ నుంచి వచ్చిన ఒక సీనియర్ నా స్లింగ్‌ని తన చేత్తో సర్ది చూపించాడు.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. దడ తగ్గాక కొడదామని ఆగుతారు. దడ తగ్గదు! తగ్గేదాకా పడుకుంటే కండరాలు చల్లబడి వణుకు పుడుతుంది, సైట్‌లోకి చూసిచూసి కన్ను మసకబారుతుంది. ఊపిరి తీసుకో, సగం వదులు, ఆపు, నొక్కు, బోల్ట్ లాగు, మళ్లీ ఊపిరి. ఒక్కో రౌండ్‌కి ఒక్కో ఊపిరి. మేటి ఆటగాళ్లు మ్యాట్ మీదికి వచ్చి అయిదూ కొట్టి లేచిపోవడం అర నిమిషంలోపు ముగిస్తారు. వాళ్ల గుండె కూడా అప్పుడు దడదడలాడుతూనే ఉంటుంది. దడలోనే కొట్టడం అలవాటు చేసుకున్నారు, అంతే.

స్టాండింగ్ ఇంకా కష్టం. ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద ఆనించి, తుపాకీ బరువు కండ మీద కాక ఎముక మీద నిలిచేలా చూసుకోవాలి. చుక్క సైట్‌లోకి వచ్చిపోతుంటుంది. వచ్చినప్పుడు గబుక్కున గుంజితే తప్పడం ఖాయం. ట్రిగ్గర్ మొదటి ఒత్తిడి ముందే తీసి పెట్టుకో. మిగిలిన కాస్త ఒత్తిడి చుక్క లోపలికి వస్తున్నప్పుడు నిదానంగా కలుపు.

గురి ముఖ్యమా, వేగం ముఖ్యమా అని మా బ్యారక్‌లో రాత్రిళ్లు వాదనలు నడిచేవి. 1960లో స్క్వా వ్యాలీలో బయాథ్లాన్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. స్వీడన్ మనిషి క్లాస్ లెస్టాండర్ స్కీ వేగంలో పదిహేనోవాడు. కానీ 20కి 20 కొట్టి బంగారం పట్టుకుపోయాడు. అదే పోటీలో అందరికంటే వేగంగా స్కీ చేసిన ఫ్రాన్స్ ఆటగాడు విక్టర్ అర్బెజ్ 18 తప్పాడు. గురి పక్షంవాళ్లు ఈ కథతో నోరు మూయించేవారు. వేగం పక్షంవాళ్లకి నార్వే వీరుడు బ్యోర్న్‌డాలెన్ దొరికాడు. 2002లో సాల్ట్ లేక్ సిటీలో ఉన్న నాలుగు పోటీలూ గెలిచాడాయన. 2014 సోచీలో నలభయ్యేళ్ల వయసులో ఒక రౌండ్ తప్పి, లూప్ తిరిగొచ్చి కూడా స్ప్రింట్ గెలిచాడు. నేను మటుకు లెస్టాండర్ వైపే. కాళ్లలో బలం ఏటేటా తరుగుతుంది. రేంజ్‌లోకి ఎలా రావాలో ఒకసారి ఒంటబడితే వయసు దాన్ని లాక్కోలేదు.

నా మొదటి గెలుపు కూడా వేగంతో వచ్చింది కాదు. సైన్యంలో జట్ల మధ్య పోటీ. చివరి స్టాండింగ్‌కి నాకంటే ముందు చేరినవాళ్లు ఉన్నారు. నేను దారిలో ఉండగానే గాలి తిరిగింది, జెండాలు రెండో వైపు వాలాయి. ముందు వచ్చినవాళ్లు పాత లెక్కతోనే కొడుతున్నారు, రౌండ్లు అంచు దాటి పోతున్నాయి. నేను మ్యాట్ ఎక్కగానే క్లిక్కులు తిప్పాను. అయిదూ తెల్లబడ్డాయి. వాళ్లు లూప్‌లో తిరుగుతుండగా నేను ముందుకి వెళ్లిపోయాను. గెలుపు గీత దాటాక ఉస్తాద్ నన్ను మెచ్చుకోలేదు. “జెండా ఎక్కడ చూశావు?” అని అడిగాడు. మలుపు దగ్గరే చూశానన్నాను. అప్పుడు తలాడించాడు. నాకు అది చాలు.

ఆ గెలుపులో మా వాక్స్ మనిషికీ భాగముంది. హిమాచల్ కుర్రాడు. మేం నిద్రపోతుంటే వాడు ఇస్త్రీ పెట్టెలాంటి ఐరన్‌తో స్కీల కింద వాక్స్ కరిగించి, గీకి, బ్రష్ కొట్టేవాడు. కొత్త చలిమంచుకి గట్టి వాక్స్, ఎండకి తడిసిన మంచుకి మెత్తది. పొద్దున్నే మంచుని గుప్పెట్లో పిసికి చూసి రాత్రి వేసినదంతా గీకేసి మళ్లీ వేసిన రోజులున్నాయి. పతకం నా మెడలో పడింది కానీ ఆ జారుడు వాడిది.

కొండని తక్కువ చేసి మాట్లాడకు. 2010 ఫిబ్రవరి 8న ఖిలన్‌మర్గ్ దగ్గర హిమపాతం విరుచుకుపడి మా స్కూల్ జవాన్లు 17 మంది శిక్షణలోనే ప్రాణాలొదిలారు. 2025 జులైలో జర్మనీ బయాథ్లాన్ అమ్మాయి లారా డాల్‌మయర్ పోయిందని విని ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. 2018 ఒలింపిక్స్‌లో రెండు బంగారాలు, అంతకు ముందు ఏడాది ప్రపంచ పోటీల్లో అయిదు బంగారాలు గెలిచిన మనిషి. ఆట మానేశాక పర్వతాలెక్కుతూ కారకోరంలో లైలా శిఖరం మీద రాళ్లు జారిపడి చనిపోయింది. ముప్ఫై ఒక్కేళ్లు. ఆమె పడుకుని (ప్రోన్) కొట్టే తీరు వీడియోల్లో దొరుకుతుంది. తప్పకుండా చూడు. ఒళ్లంతా నిశ్చలంగా ఉంటుంది, కదిలేది ఒక్క వేలే.

పెన్షన్ వచ్చాక ఇక్కడ సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేరాను. మంచు లేని దేశంలో ఈ విద్య ఎందుకని మనవాళ్లు అడుగుతారు. ఒంటికి మంచైనా ఎండైనా పరీక్ష ఒకటే: అలసిన గుండెతో చిన్న పని కచ్చితంగా చెయ్యగలవా? జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడి నిబంధన. పని వద్దన్న ఎండలో పరుగెందుకు? మనం సూర్యుడు లేవకముందే ఒడ్డు మీద ఉండాలి. సూక్ (బజారు) వైపు నుంచి ఇసుకలో పరుగెత్తి వచ్చి, నా దగ్గర ఆగకుండా మోకాళ్ల మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించాలి. అయిదు సూదులు. ఎక్కనివాడికి ఇంకో చుట్టు. మొదట్లో అందరూ సూది మీద పడి ఆయాసపడతారు. నెల తిరిగేసరికి దూరం నుంచే ఊపిరి సర్దుకుంటూ రావడం మొదలుపెడతారు. అప్పుడు ఆ వంద మీటర్లు వాళ్ల ఒంటికి అర్థమైనట్టే.

తుపాకీ మాత్రం ఒడ్డు మీదకి వద్దు, బొమ్మదైనా సరే. గదిలో చీపురు కర్ర చాలు. గోడ మీద చుక్క పెట్టి, భుజానికి ఆనించి, ఊపిరికి ఒకటి చొప్పున నొక్కినట్టు వేలు కదుపు. మేం డ్రై ఫైరింగ్ అంటాం. అసలు రౌండ్ల కంటే ఇదే ఎక్కువ చేశాను.

చూసి నేర్చుకోవాల్సిందీ ఉంది. మెట్రో రెడ్ లైన్ మన వక్రాలో మొదలై లుసైల్ దాకా వెళ్తుంది. 2006 ఆసియా క్రీడల షూటింగ్ లుసైల్‌లోనే జరిగింది. జస్పాల్ రాణా జ్వరంతో నిలబడి 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్టల్‌లో 590 కొట్టి ప్రపంచ రికార్డును అందుకున్నాడు. ఈ దేశం మనిషి నాసర్ అల్ అత్తియా 2011లో డాకర్ ర్యాలీ గెలిచి, మరుసటేడు లండన్‌లో స్కీట్ షూటింగ్‌లో కాంస్యం తెచ్చాడు. ఎడారిలో కారు కుదుపుల్లో గెలిచినవాడే ఎగిరే పళ్లేన్ని పగలగొట్టాడు. అదే ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. వీళ్ల వీడియోలు చూసేటప్పుడు స్కోరు చూడకు. నొక్కడానికి ముందు ఊపిరి ఎక్కడ ఆగుతుందో చూడు.

ఇక నీ సంగతి. ఈ ఏడు హైదరాబాద్ వెళ్లి ఇంటర్‌లో చేరతానన్నావు కదా. అక్కడ ఎయిర్ రైఫిల్ నేర్పే చోట చేరు, పొద్దున పరుగు మానకు. కోచ్ తుపాకీ ఇచ్చిన రోజున ముందు రౌండ్ కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందో లేదో బోల్ట్ తెరిచి చూసుకో, ఆయన చూసి ఇచ్చినా సరే నువ్వు మళ్లీ చూడు. ఈలోపు వచ్చే శుక్రవారం నాలుగున్నరకల్లా రా. సూదులు ఈసారి సన్నవి తెస్తాను.