భవానీపురం: సరస్సులా కనిపించే కృష్ణమ్మ

సినిమాలో హీరో పడవెక్కగానే పాట మొదలవుతుంది. భవానీపురం రేవులో మాత్రం ముందు నీటి పోకడ చూడాలండీ! 1957లో ప్రకాశం బ్యారేజి 70 గేట్లతో అడ్డు నిలిచినప్పట్నుంచీ కృష్ణమ్మ ఇక్కడ సరస్సులా కనిపిస్తుంది.

పొద్దున్నే కయాక్ ఎక్కి, భవానీ ద్వీపం పక్కగా ఎగువకు తెడ్డేసుకుంటూ ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దాకా వెళ్లి, తిరుగుదారిలో ఒడ్డున రోడ్డువెంట పరుగు తీస్తే భుజాలకూ పిక్కలకూ పండగే!

కానీ 2017 నవంబరు 12న ఆ సంగమం దగ్గరే పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. చాలామందికి లైఫ్ జాకెట్లే లేవు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు పడవలు కొట్టుకొచ్చి బ్యారేజి గేట్లనే గుద్దాయి.

అంచేత జాకెట్ లేనిదే తెడ్డు పట్టకండి. గేట్లెత్తిన రోజున పడవ మాటెత్తకండి, పరుగుతో సరిపెట్టుకోండి. ఇక్కడ రీటేకులుండవు మరి!