క్షేమం అని రాసిన చెయ్యి

బాపు గారి రాతను గుర్తుపట్టడానికి కింద సంతకం అక్కర్లేదు. కథ పేరైనా, సినిమా టైటిలైనా, పుస్తకం అట్టమీది అక్షరాలైనా ఇట్టే తెలిసిపోతుంది. ఒకచోట లావుగా, మరోచోట సన్నగా సాగే గీత... అక్షరం కూడా బొమ్మే అనిపిస్తుంది. చిత్రకారులు ఉత్తరం రాసినా అంతేనేమో! వాన్‌గో 1888 అక్టోబరులో తమ్ముడు థియోకి తన పడకగది గురించి రాస్తూ, మాటలతో ఊరుకోక బొమ్మ కూడా గీసి పంపాడు.

మా మామ అంత పేరున్నవాడేం కాదు. నెల్లూరు జిల్లాలో సముద్రపు ఒడ్డున ఓ పాళెంలో పడవల మీద పేర్లు, కొట్లకి బోర్డులు రాసేవాడు. వారపత్రికల్లో బాపు అక్షరాలు చూసి చెయ్యి తిప్పుకున్నాడు. అమ్మకి రాసే కార్డు మీదా అదే ఒడుపు. బోర్డు మీద సుద్దదారం కొట్టుకునే అలవాటేమో, గీతల్లేని కార్డు మీద కూడా వరస వంకర పోయేది కాదు. ఎప్పుడూ మూలన ఓ చిన్న పడవ బొమ్మ. చదువు రాని మా అమ్మమ్మ కూడా ఆ కార్డు చూడగానే "మావాడిదే" అనేది.

1989 నవంబరులో తుపాను కావలి దగ్గర తీరం దాటింది. కొన్నాళ్లకు మామ కార్డొచ్చింది. అందరం క్షేమం, కంగారుపడి రావద్దు అని రెండే ముక్కలు. నాన్న చదివి హమ్మయ్య అన్నాడు. అమ్మమ్మ మాత్రం కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. వరసలు కిందికి జారిపోయాయి. మూలన పడవ లేదు.

"వాడు బాగాలేడమ్మే, బయలుదేరు" అంది అమ్మతో.

వెళ్లి చూస్తే ఇంటి కప్పు లేచిపోయింది. రంగు డబ్బాలు, బ్రష్షులు నీళ్లపాలు. మామ పిల్లలతో బడి వరండాలో ఉన్నాడు. చెల్లెలికి భారం కాకూడదని అలా రాశాడట. మాట దాచినా చెయ్యి దాచలేకపోయింది.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. బాపు రాతను పోలిన కంప్యూటర్ ఫాంట్లూ వచ్చాయి. ఆయన 2014లో వెళ్లిపోయినా ఆ అక్షరాలు మన కళ్ల ముందే తిరుగుతున్నాయి. సంతోషమే. కానీ ఫాంటుకి తుపాను తెలీదు కదా! శుభలేఖలోనూ, పెద్దకర్మ కార్డులోనూ ఒకటే 'క'.

ఇప్పుడు మావాళ్లెవరైనా ఫోన్లో 'క్షేమం' అని మెసేజీ పెడితే నేను వెంటనే ఫోన్ చేస్తాను. చేతిరాత చెప్పే కబురు గొంతులోనైనా వినిపిస్తుందేమోనని.