చీర ఖరీదు

రోజూ ఉదయం ఎనిమిది ఇరవైకి యూసుఫ్‌గూడ స్టేషనులో మెట్రో రైలెక్కి హైటెక్ సిటీలో దిగుతాను. పావుగంట పైచిలుకు ప్రయాణం. ఆడవాళ్ళకని కేటాయించిన భాగంలో కూర్చునేందుకు చోటు దొరకడం, ఉద్యోగంలో ఇంక్రిమెంటు దొరకడమంత అరుదు గనక, ఓ మూల నిలబడి నలుగురినీ చూస్తూంటాను. చూసినందుకు టిక్కెట్టు లేదు కదా!

ఎన్ని రకాల ముస్తాబులని! జీన్సు పాంటు మీద కలంకారీ కుర్తా, మెడలో కంపెనీ వారి గుర్తింపు బిళ్ళ, చెవులకు మాత్రం భుజాలను తాకే బుట్టలు. గంజిపెట్టిన నేతచీర కట్టి కాళ్ళకు బూట్లు తొడిగి, వీపున కంప్యూటరు సంచీ తగిలించుకున్న అమ్మాయి. ఒక చేత్తో పైన వేలాడే పట్టీని పట్టుకుని, రెండో చేత్తో ఫోనులో ఇంట్లో పిల్లవాడికి అన్నం తినిపించమని ఆయాకు చెబుతూ, ఆ మధ్యనే కాటుక దిద్దుకునే తల్లి. రైలు కుదుపులో కూడా ఆ కాటుక చెదరదు. పాతికేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్న పండితులకైనా ఆ గీత అంత తిన్నగా రాదు.

నేను 2001లో గచ్చిబౌలిలోని విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగులో చేరేనాటికి సైబర్ టవర్స్‌కు మూడేళ్ళు నిండలేదు. 1998 నవంబరులో వాజపేయిగారు వచ్చి ప్రారంభించిన ఆ గుండ్రని మేడను బస్సు కిటికీలోంచి వింతగా చూసేవాళ్ళం. దాని చుట్టూ రాళ్ళూ, తుప్పలూ. ఇప్పుడు ఆ రాళ్ళున్నచోట అద్దాల మేడలు మొలిచాయి. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో కూడా వచ్చింది. ఈ మేడల నిండా ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు. వాళ్ళకు జీతాలు, బ్యాంకు ఖాతాలు, ఫోనులోనే డబ్బు చెల్లించే సదుపాయాలు. ఇన్ని ఉన్నా, ఏమాటకామాటే చెప్పుకోవాలి, మాలో చాలామందికి ఇప్పటికీ పోపులడబ్బా పోలేదు.

అదేమిటంటారా? చెబుతాను.

మధ్యాహ్నం పూట ఈ ప్రాంతపు ఆఫీసు గేట్ల దగ్గర నిలబడి చూడండి. పార్సిళ్ళు తెచ్చే కుర్రాళ్ళు బళ్ళమీద వరుసగా వస్తారు. మా కాలేజీ వాచ్‌మన్ గది కూడా అప్పుడప్పుడు చిన్నసైజు తపాలాఫీసులా ఉంటుంది. అందులో సగం లెక్చరరమ్మలవే. ఇంటి అడ్రసుకు తెప్పించుకోవచ్చు కదా? కూడదు. ఇంటికొస్తే ఎవరో ఒకరు తీసుకుంటారు, విప్పుతారు, "ఎంత?" అంటారు. ఆ ఒక్క మాటకు భయపడి, నెలకు నలభై గంటల పాఠం ధైర్యంగా చెప్పే మనుషులం వాచ్‌మన్ గదిలో పార్సిలు విప్పి, అట్టపెట్టె అక్కడే పారేసి, వస్తువును లంచ్ బాక్సు సంచీలో దాచుకుని ఇంటికి వెడతాం. వారం తర్వాత తీసి వేసుకుంటాం. "కొత్తదా?" అని అడిగితే, "అయ్యో, ఎప్పటిదో!" అంటాం.

నా సరదాలు కూడా పెద్దవేమీ కావు లెండి. శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు ఒక ఇరానీ హోటల్లో ఓ మూల బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఆ పదిహేను నిమిషాలు నేను ఎవరి అమ్మనూ కాను, ఎవరి కోడలినీ కాను, ఎవరి మేడమ్‌నూ కాను. తర్వాత మూరెడు మల్లెపూలు. ఏడాదికి ఒకటో రెండో నేతచీరలు. ఇంతే. అయినా శుక్రవారం ఆలస్యానికి ఇంట్లో చెప్పే కారణం "స్టాఫ్ మీటింగు". అలా చెప్పుకొస్తున్న మీటింగులన్నీ నిజంగా జరిగుంటే మా కాలేజీ ఈపాటికి విశ్వవిద్యాలయమైపోయేది.

ఇందులో చిత్రమేమిటంటే, మావారు నన్ను ఏనాడూ "ఎంతయింది?" అని గద్దించి అడిగిన మనిషి కారు. ఆయన మాత్రం పన్నెండువేలు పెట్టి చేతిగడియారం కొని, పెట్టెతో సహా తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి అందరికీ చూపించారు. మేమంతా బాగుందన్నాం. మగవారు కొన్నది అవసరం, మనం కొన్నది సరదా. ఈ తేడా ఎవరు నేర్పారో తెలియదు గాని, నాకు బాగా వంటబట్టింది.

ఆమధ్య కాలేజీలో పదమూడో శతాబ్దపు కవి కేతన గురించి చెబుతున్నాను. ఆయన విజ్ఞానేశ్వరుని మితాక్షరను 'విజ్ఞానేశ్వరీయము' పేరిట తెనిగించాడు. యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్య ఆ మితాక్షర. ఆ సందర్భంలో స్త్రీధనం మాట వచ్చింది. తండ్రి, తల్లి, భర్త, సోదరుడు ఇచ్చినది, పెళ్ళిలో అగ్ని ఎదుట వచ్చినది స్త్రీధనమన్నారు పూర్వులు. ఒక పిల్ల లేచి, "మరి ఆడది తను సంపాదించుకున్నదో మేడమ్?" అంది. చేతిపని చేసి సంపాదించినదాని మీద పెత్తనం మగనిదేనని కాత్యాయనుడన్నాడని చెప్పాను. క్లాసంతా గొల్లుమంది. "నవ్వకండి, 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టం పద్నాలుగో సెక్షను ఆ మాటను తిరగరాసింది. స్త్రీ తన నేర్పుతోగాని, శ్రమతోగాని సంపాదించినది ఆమె సొంతం. దానిమీద పూర్తి హక్కు ఆమెదే" అని గట్టిగా చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రమే శిల్పారామానికి వెళ్ళాను. సైబర్ టవర్స్‌కు కూతవేటు దూరంలో ఉంది గనక అటువైపు కాళ్ళు వాటంతటవే లాగుతాయి. ఒక నేతగాడి దుకాణంలో పోచంపల్లి పట్టుచీర. వంగపండు రంగు, ఆవపువ్వు రంగు అంచు. పోచంపల్లి నేతలో సొగసంతా నేయకముందే ఉంటుంది. దారాన్ని లెక్కప్రకారం కట్లుకట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోటుకు రంగు ఎక్కదు. విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ ముంచుతారు. అలా రంగులు దిగిన దారాలు మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరితే అప్పుడు పువ్వు కనిపిస్తుంది. అందుకే దాని అంచులు కాస్త చెదిరినట్టు, నీళ్ళల్లో నీడలా ఉంటాయి. ధర 8,600 అన్నాడు. బేరమాడలేదు. ఆ కట్ల సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆడలేరు.

కాని ఫోనులో డబ్బు కడితే బ్యాంకు పద్దులో పడుతుంది. ఇన్‌కంటాక్సు లెక్కలప్పుడు మావారు ఆ పద్దు చూస్తారు. అందుచేత ఏటీఎం దగ్గరకు వెళ్ళి ఇదివరకు నెలలో ఒకసారి, ఈ నెలలో ఒకసారి డబ్బు తీసి అట్టిపెట్టినది కలిపి ఇచ్చాను. పొద్దున పద్నాలుగో సెక్షను పాఠం చెప్పింది ఎవరో మీరు అడగకూడదు.

రాత్రి భోజనాల దగ్గర చీర విప్పి చూపించాను. "ఎంతమ్మా?" అంది మా అమ్మాయి. "2,200. డిస్కౌంట్లో ఇచ్చాడు" అన్నాను తడుముకోకుండా. మావారు "బాగుంది" అని పప్పు వడ్డించుకున్నారు. మా అత్తమ్మ మాత్రం చీర కొంగు చేతిలోకి తీసుకుని, వేళ్ళమధ్య నలిపి, తిరగేసి చూసి, "చవకగా వచ్చింది" అంది.

నాకు గుండె జారింది. ఎందుకంటే మా అత్తమ్మ పుట్టిల్లు భువనగిరి దగ్గర. పోచంపల్లి వాళ్ళకు పక్కూరే. 1951 ఏప్రిల్లో వినోబా భావేగారు ఆ ఊరికి వచ్చినప్పుడు, వంద ఎకరాల భూమి దానమిచ్చి భూదానోద్యమానికి నాంది పలికారని అందరం చదువుకున్నాం. అత్తమ్మ అది చదువుకోలేదు, వాళ్ళ నాన్న నోట విన్నది. మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనిషి. పట్టుకూ నూలుకూ తేడా కళ్ళు మూసుకుని చెప్పగలదు.

గిన్నెలు సర్దుతూంటే వంటింట్లోకి వచ్చింది. "2,200కు దాని కొంగు కూడ రాదమ్మా" అంది నెమ్మదిగా. నేను తలెత్తలేదు. "చెప్పనులే. నేను కూడ దాచినదాన్నే కద" అంది.

2016 నవంబరు 8 రాత్రి నాకు గుర్తొచ్చింది. అయిదువందల, వెయ్యిరూపాయల నోట్లు చెల్లవని ప్రధానమంత్రి టీవీలో ప్రకటించారు. మర్నాడు పొద్దున అత్తమ్మ పోపులడబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఆవాలూ మెంతులూ ఉన్న గిన్నెల కింద, ప్లాస్టిక్ కవరులో ఇరవైయారు అయిదువందల నోట్లు. మొత్తం పదమూడు వేలు. పండక్కి మామయ్యగారిచ్చినవి, తమ్ముడు పెట్టినవి, కూరల ఖర్చులో మిగిల్చినవి. ఎన్నేళ్ళనాటివో. ఇంట్లో అందరం నవ్వాం. "నానమ్మ నల్లధనం!" అన్నది అప్పటికి చిన్నపిల్లైన మా అమ్మాయి. మావారు కూడా నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. దొంగతనం బయటపడ్డ మనిషిలా గోడకేసి చూస్తూ నిలబడింది.

ఆమె పేర మొట్టమొదటిసారి బ్యాంకు ఖాతా తెరిచి ఆ డబ్బు వేశాం. క్యూలో మూడు గంటలు ఆమెతో నిలబడ్డాను. "ఏం కొనుక్కుందామని దాచారు అత్తమ్మా?" అని అడిగాను. "ఏమీ లేదు. ఎప్పుడన్న ఎవరినీ అడగకుండ ఏదన్న కొనుక్కోవాలనిపిస్తే ఉండాలె కద" అంది. నలభైయేళ్ళలో ఆ "ఎప్పుడన్న" రాలేదన్నమాట.

ఇప్పుడు వంటింట్లో నిలబడి అదే గొంతుతో, "నాకు జీతం లేదు, దాచుకున్న. నువ్వు నెల తిరిగేసరికి జీతం తెచ్చేదానివి. నీకెందుకమ్మా పోపులడబ్బా?" అంది.

జవాబు దొరకలేదు. దొరికినట్టయితే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు.

అయినా నాకు వెంటనే ధైర్యం రాలేదు. వారం గడిచింది. ఒకనాడు మా అమ్మాయి కొత్త బూట్లు వేసుకుని కనిపించింది. "ఎంతే?" అంటే "900" అంది. పాకెట్‌మనీలో కూడబెట్టినదే, నేనేమీ అనేదాన్ని కాదు. కాని ఆ రాత్రి చెత్తబుట్టలో అట్టపెట్టె దొరికింది. దానిమీద 2,400 అని చీటీ. పిలిచి అడిగాను. అది తడబడలేదు. "నువ్వు చీరకు చెప్పినట్టే చెప్పాను. నానమ్మతో నువ్వన్నది విన్నాను" అంది. కోపం కూడా లేదు ఆ మాటలో. ఏదో ఇంటి ఆచారం నేర్చుకున్నట్టు, ఉగాదికి పచ్చడి చేసుకున్నట్టు చెప్పింది.

అత్తమ్మ నుంచి నాకు, నా నుంచి దానికి. స్త్రీధనం ఇలా కూడా సంక్రమిస్తుందని విజ్ఞానేశ్వరుడు రాయలేదు.

మర్నాడు భోజనాల దగ్గర, కూర వడ్డించకముందే చెప్పేశాను. "ఆ పోచంపల్లి చీర 8,600. శుక్రవారం సాయంత్రాలు మీటింగులు లేవు. చాయ్ తాగి వస్తాను. ఇకమీదట కూడా తాగుతాను." గొంతు కొంచెం వణికిందేమో, చెప్పొద్దూ. మావారు ముద్ద చేత్తో పట్టుకుని ఒక నిమిషం చూశారు. "అన్నేళ్ళు మీటింగులంటే పాపం ఎంత చాకిరీ చేయిస్తున్నారో అని జాలిపడ్డాను" అన్నారు. తర్వాత, నవ్వకుండా, "నాకెందుకు చెప్పలేదు? నేనేమైనా అనేవాణ్ణా?" అన్నారు. ఆయన నొచ్చుకున్నారని అర్థమైంది. "మీరనరు. మీరనకముందే నాకు నేనే అనుకునేదాన్ని" అన్నాను. అది ఆయనకు పూర్తిగా అర్థమైందో లేదో తెలియదు. మా అమ్మాయికి అర్థమైంది. "బూట్లు 2,400 నాన్నా" అంది.

ఆ శుక్రవారం అత్తమ్మను మెట్రోలో వెంటబెట్టుకు వెళ్ళాను. ఇరానీ హోటల్లో సాసరులో చాయ్ పోసుకుని తాగింది. తర్వాత శిల్పారామంలో గంటసేపు తిరిగింది. అన్నీ పట్టుకు చూసింది, ఏదీ కొనలేదు. చివరికి పోచంపల్లి గుడ్డతో కుట్టిన చిన్న పర్సు ఒకటి తీసుకుని, జిప్పు నాలుగుసార్లు లాగి చూసి, 200 చెప్పిన దాన్ని బేరమాడి 180కి తెచ్చింది. నేను డబ్బు తీయబోతే చెయ్యి అడ్డంపెట్టి, రవికెలోంచి తన నోట్లు తీసి లెక్కపెట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చాక చెప్పులు విడవకముందే, గుమ్మంలోంచే, మా వీధి మొత్తానికి వినపడేలా అంది:

"నూట ఎనభై! నేనే కొనుక్కున్న!"