నంబరు చూసి మోసపోయాం!

"కంప్యూటర్ సంగతులు మనకెందుకులే, ఆయన చూసుకుంటారు" అనుకునే గృహిణుల్లో నేనూ ఒకదాన్ని. ఇంటర్‌తో చదువు ఆపేసి, ఇరవై ఏళ్లుగా వంటిల్లే లోకంగా ఉన్నదాన్ని. అలాంటి నేను మదర్‌బోర్డు గురించి రాయడమేమిటని నవ్వుకుంటున్నారా? ఆ మదర్‌బోర్డు వల్లే కన్నకూతుర్ని అన్యాయంగా తిట్టాను. అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరాక, 2022లో మావారు ఒక దుకాణంలో 70 వేలు పోసి డెస్క్‌టాప్ కొన్నారు. ఇంటెల్ 12వ తరం ఐ7 ప్రాసెసర్. "పెద్ద నంబరు సార్, పదేళ్లదాకా ఢోకా లేదు" అన్నాడు దుకాణందారు. మదర్‌బోర్డు ఏదని ఎవరమూ అడగలేదు. కిలో కందిపప్పు కొనాలంటే నాలుగు కొట్లు తిరిగే నేను, 70 వేల వస్తువు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు చూడండి!

ఏడాదిన్నర బాగానే నడిచింది. అమ్మాయి మూడో సంవత్సరానికి వచ్చి, పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టాక వచ్చింది తంటా. పాటలు వింటే, ఉత్తరం టైపు చేస్తే ఏమీ కాదు. ప్రాజెక్టు పని పెడితే మాత్రం అరగంటకల్లా టప్పున ఆగిపోయేది. ఒకరాత్రి చేసిన పనంతా పోయింది. "ఏవేవో ఆటలు వేసి పాడు చేశావు, నీకు వస్తువు విలువ తెలీదు" అని నానా మాటలూ అన్నాను. పిల్ల ఏడుస్తూ అన్నం తినకుండా పడుకుంది.

2024 సంక్రాంతికి మా చిన్నాన్నగారబ్బాయి వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాడు. పక్క రేకు విప్పి చూసి నన్ను పిలిచాడు.

"ఇదిగో అక్కా, ప్రాసెసర్ పక్కన ఈ నల్లటి చిన్న చిన్న ముక్కలు చూడు. 12 వోల్టుల కరెంటును ఒకటి, ఒకటింబావు వోల్టుకి తగ్గించి ప్రాసెసర్‌కి అందించేవి ఇవే. పేరుకి 65 వాట్ల ప్రాసెసరే గానీ, గట్టిగా పనిబడితే 180 వాట్ల దాకా లాగుతుంది. ఈ చవక బోర్డు అంత ఇవ్వలేదు. వేడి పీల్చుకునే హీట్‌సింక్ కూడా లేదు దీనికి. కాగిపోయి ఆగిపోతోంది. పిల్ల తప్పేం లేదక్కా."

నాకు తల కొట్టేసినట్టయింది. పదిమందికి వండే గుండిగను చిన్న స్టవ్ మీద పెట్టి, అన్నం ఉడకలేదని వండిన మనిషిని తిట్టినట్టే కదా నేను చేసింది!

ప్రాసెసర్ బాగానే ఉంది, బోర్డు మారిస్తే చాలన్నాడు తమ్ముడు. వాడు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నేనే వెళ్లాను. సి.టి.సి. అంటే ఎవరైనా చెబుతారు. ఒక కొట్టతను మంచి బోర్డే తీశాడు. "దీనికి ఏ ర్యామ్ పడుతుంది?" అని అడిగాను. "డీడీఆర్5 మేడమ్" అన్నాడు. మా ఇంట్లో ఉన్నది డీడీఆర్4. అది కొని ఉంటే ర్యామ్ కూడా మళ్లీ కొనాల్సి వచ్చేది! డీడీఆర్4 పట్టే బి760 బోర్డు, హీట్‌సింకులు ఉన్నది, అడిగి తీసుకున్నాను.

నా కాగితంలో ఉన్నవి మీకూ చెబుతాను.

మొదటిది, ప్రాసెసర్ కూర్చునే సాకెట్. ఇంటెల్ 12, 13, 14 తరాలవి ఎల్‌జీఏ1700లో కూర్చుంటాయి. 2022లో వచ్చిన ఎఎండీ ఎఎం5 సాకెట్ వేరు. దానికి డీడీఆర్5 ర్యామ్ ఒక్కటే పడుతుంది. ఎల్‌జీఏ1700 బోర్డుల్లో రెండు రకాలూ ఉన్నాయి, అడిగి తీసుకోవాలి.

రెండోది, ప్రాసెసర్ ఎక్కువలో ఎక్కువ ఎన్ని వాట్లు లాగుతుంది, బోర్డు అంత ఇవ్వగలదా అన్నది. పిల్లల చదువుకీ, ఇంటి లెక్కలకీ మధ్యరకం ప్రాసెసర్, మధ్యరకం బోర్డు చాలు. పెద్ద ప్రాసెసర్ కొని, బోర్డు దగ్గర పిసినారితనం చేయకండి.

మూడోది, ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర 'ఎఫ్' అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు కొంటేనే తెర మీద బొమ్మ వస్తుంది.

నాలుగోది, బోర్డులో ఉండే బయాస్ అనే ప్రోగ్రాం. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నింటికి అవసరానికి మించి వోల్టేజీ వెళ్లి నిలకడ తప్పుతున్నాయని ఇంటెల్ సంస్థే 2024లో ఒప్పుకుంది. బయాస్ ద్వారా సవరణ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్నవాటిని ఆ సవరణ బాగుచేయదు. అందుకని ఆ తరాలవి కొంటే, కొత్త బయాస్ ఎక్కించమని కొట్లోనే అడగండి. సెకండ్ హ్యాండ్‌వి అయితే మరీ జాగ్రత్త. బిల్లు మాత్రం పారేయకండి.

బోర్డు మార్చిన రోజు కంప్యూటర్ మూడు గంటలు ఏకబిగిన నడిచింది. ఆ మూడు గంటలూ వంటింట్లోంచి పదిసార్లు తొంగిచూశాను. రాత్రి గుత్తివంకాయ వండి, "నాదే తప్పమ్మా, ఊరికే తిట్టాను" అన్నాను. "పోనీలే అమ్మా" అని నవ్వేసింది. ఆ ప్రాజెక్టు గడువులోపే ఇచ్చింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది.

మీ ఇంట్లోనూ కంప్యూటర్ ఊరికే ఆగిపోతుంటే, పిల్లల్ని తిట్టేముందు ఒక్కసారి ఆ పక్క రేకు విప్పించి చూడండి. సరేనా?